కడప కెమెరా సరే.. పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?

ఈ సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు చేతులు ఊరుకోక ఇంట్లో సీసీటీవీ రికార్డర్‌ను ఒకసారి చెక్ చేద్దామని ల్యాప్‌టాప్ తీశాను. బ్రౌజర్‌లో దాని అడ్రస్ కొట్టాను. యూజర్ నేమ్ అడ్మిన్. పాస్‌వర్డ్ కూడా అడ్మినే, వెనకాల మూడు అంకెలు. మొదటి ప్రయత్నానికే తెరుచుకుంది.

అక్కడితో అయిపోలేదు. మొబైల్ యాప్‌లో ఆ రికార్డర్ ఎవరి అకౌంట్ మీద రిజిస్టర్ అయిందో చూస్తే, అది నా నెంబర్ కాదు, నాన్న నెంబర్ కాదు. మూడేళ్ల కిందట కెమెరాలు బిగించిన అబ్బాయిది. మాకు ఇచ్చింది ‘షేర్’ మాత్రమే. అంటే మూడేళ్లుగా మా వాకిలి, వరండా, అమ్మ శెనక్కాయలు ఆరబోసుకునే మిద్దె.. అన్నీ అతని ఫోన్‌లో కూడా కనిపిస్తున్నాయి.

ఫోన్ చేసి అడిగాను. “మీదొక్కటే గాదన్నా, అందరిదీ నా నెంబర్ మీదే ఉంటాది. పాస్‌వర్డ్ మర్చిపోయినామని రోజూ ఫోన్ జేస్తాంటారు. అందుకే నాకాడే పెట్టుకుంటా” అన్నాడు. ఆ మాటలో దొంగబుద్ధి ఏమీ లేదు. నాకు ఎక్కువ భయం వేసింది అందుకే.

అమ్మకు చెబితే, “అయితే ఇంగ మిద్దెక్కేటప్పుడు గూడా పైట సర్దుకోని ఎక్కల్నా నాయనా?” అంది. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ కెమెరాలు పెట్టించింది నేనే. బెంగళూరులో ఆఫీసులో కూర్చుని ఇంటిని చూసుకోవచ్చని.

ఆ రికార్డర్ డబ్బా మీద ‘మేడ్ ఇన్ ఇండియా’ అని పెద్ద అక్షరాలతో ఉంది. 2025 నుంచి టెక్ ఇండస్ట్రీలో నడుస్తున్న కెమెరాల గొడవంతా ఆ అక్షరాల చుట్టూనే తిరుగుతోంది. ఆ గొడవలో మన కడప పేరు కూడా ఉంది. ఫోన్ల రివ్యూలు రోజూ చదువుతూనే ఉంటాం కదా, ఈసారి గోడ మీది గ్యాడ్జెట్ గురించి మాట్లాడుకుందాం.

అసలు గొడవేంటి?

2025 ఏప్రిల్ 9 నుంచి ఇండియాలో ఇంటర్నెట్‌కు కనెక్ట్ అయ్యే సీసీటీవీ కెమెరా ఏ కంపెనీదైనా సరే, సెక్యూరిటీ టెస్ట్ పాస్ కావాల్సిందే. ఈ రూల్ 2024 ఏప్రిల్‌లోనే వచ్చింది. మొదట అక్టోబర్ నుంచి అమలు అన్నారు, తర్వాత ఆరు నెలలు పొడిగించారు. కేంద్ర ఐటీ శాఖ కింద ఉండే ఎస్‌టీక్యూసీ ఈ వ్యవహారం చూస్తుంది. కంపెనీలు హార్డ్‌వేర్‌తో పాటు సాఫ్ట్‌వేర్, సోర్స్ కోడ్ కూడా ల్యాబ్ ముందు పెట్టాలి.

ల్యాబ్ చూసేవి మామూలు విషయాలు కావు. సర్క్యూట్ బోర్డు మీద యూఏఆర్‌టీ, జేట్యాగ్ లాంటి డీబగ్ పోర్టులు తెరిచి వదిలేశారా? కెమెరా ఆన్ అయినప్పుడు కంపెనీ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ మాత్రమే నడుస్తుందా? అప్‌డేట్ ఫైల్‌కు డిజిటల్ సంతకం ఉందా? ప్రతి కెమెరాకు దాని సొంత ఎన్‌క్రిప్షన్ కీ ఉందా, లేక లక్ష కెమెరాలకూ ఒకటే కీ పెట్టేశారా? లోపలి చిప్ ఎక్కడి నుంచి వచ్చింది? ఫోన్లలో బూట్‌లోడర్ అన్‌లాక్ చేసి రామ్‌లు మార్చినవాళ్లకు ఇవన్నీ ఎందుకు ముఖ్యమో చెప్పనక్కర్లేదు.

కంపెనీలు ఊరుకోలేదు. అమలుకు కొద్ది రోజుల ముందు జరిగిన మీటింగ్‌లో దేశీ, విదేశీ కంపెనీలు గడువు అడిగాయి. ల్యాబ్‌లు సరిపోవని, సోర్స్ కోడ్ తమ ఆస్తి అని, సప్లై ఆగిపోతుందని వాదించాయి. ప్రభుత్వం ససేమిరా అంది. గడువు దాటాక కూడా వందల దరఖాస్తులు ల్యాబ్‌ల దగ్గర క్యూలో ఉండిపోయాయి.

ప్రభుత్వానికి అంత భయం ఎందుకు?

2016 అక్టోబర్ 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. కారణం మిరాయ్ అనే మాల్‌వేర్. అది పట్టుకున్నది కంప్యూటర్లను కాదు. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన కెమెరాలను, రికార్డర్లను, రూటర్లను. మా ఇంట్లో ఉన్నట్టువాటినే.

2021లో హిక్‌విజన్ కెమెరాల్లో ఒక లోపం బయటపడింది. పాస్‌వర్డ్ లేకుండానే దూరం నుంచి కెమెరాను పూర్తిగా స్వాధీనం చేసుకోవచ్చు. తీవ్రత 10కి 9.8. కంపెనీ ఫర్మ్‌వేర్ ఇచ్చింది. కానీ గోడ మీది కెమెరాకు అప్‌డేట్ చేసేవాళ్లు ఎందరుంటారు? అదే ఏడాది మన ఐటీ శాఖ సహాయ మంత్రి పార్లమెంటులో చెప్పిన లెక్క ప్రకారం, ప్రభుత్వ సంస్థల్లో ఉన్న దాదాపు 10 లక్షల కెమెరాలు చైనా కంపెనీలవే. చైనాలో 2017 నాటి ఇంటెలిజెన్స్ చట్టం ప్రకారం అక్కడి సంస్థలు ప్రభుత్వ నిఘా పనికి సహకరించాలి. 2022 నవంబర్‌లో అమెరికా ఎఫ్‌సీసీ హిక్‌విజన్, దహువా కొత్త పరికరాలకు అనుమతులు ఆపేసింది. తమ మీద గూఢచర్యం ఆరోపణలను ఈ కంపెనీలు ఒప్పుకోవు.

ఇవి దేశాల మధ్య లెక్కలు. మామూలు మనుషుల లెక్క వేరే ఉంది. 2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీటీవీ వీడియోలు బయటికొచ్చాయి. పరీక్షల కోసం వచ్చిన ఆడవాళ్ల వీడియోలను డబ్బుకు అమ్మారు. పోలీసులు అరెస్టులు చేశారు. సిస్టమ్‌లోకి దూరడానికి దారి ఇచ్చింది బలహీనమైన పాస్‌వర్డ్. దానికి ఏ దేశం గూఢచారీ అక్కర్లేదు.

కొప్పర్తి ఎక్కడొచ్చింది?

కడప పక్కనే చింతకొమ్మదిన్నె మండలంలో కొప్పర్తి ఉంది. 540 ఎకరాల ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌ను 2021 డిసెంబర్ 23న ప్రారంభించారు. సీపీ ప్లస్ కెమెరాలు తయారయ్యేది అక్కడే. సీపీ ప్లస్ బ్రాండ్ ఆదిత్య ఇన్ఫోటెక్‌ది. మొదట డిక్సన్‌తో కలిసి పెట్టిన జాయింట్ వెంచర్ అది. 2024లో డిక్సన్ తన సగం వాటా వదులుకుని, బదులుగా ఆదిత్య షేర్లు తీసుకుంది. 2025 ఆగస్టులో ఆదిత్య ఇన్ఫోటెక్ స్టాక్ మార్కెట్‌కు వచ్చింది. 675 రూపాయలకు ఇచ్చిన షేరు తొలిరోజే వెయ్యి దాటింది. చైనా కెమెరాలకు గేటు పడితే ఎవరికి లాభమో మార్కెట్‌కు బాగా తెలుసు.

కడపవాడిగా నాకు సంతోషమే. మా చిన్నప్పుడు చదువైపోతే బెంగళూరు బస్సు, లేకపోతే హైదరాబాద్ బస్సు, మూడో దారి లేదు. ఇప్పుడు మా బంధువుల అమ్మాయి పొద్దున టిఫిన్ డబ్బా కట్టుకుని కొప్పర్తికి పోయి సాయంత్రం ఇంటికొస్తోంది. ఇది చిన్న విషయం కాదు.

కానీ ఇంజినీర్‌గా ఒక ప్రశ్న అడక్క తప్పదు. కొప్పర్తిలో బిగించిన కెమెరాలో లెన్స్ ఎవరిది, ఇమేజ్ సెన్సర్ ఎవరిది, చిప్ ఎవరిది, ఫర్మ్‌వేర్‌లో మొదటి లైన్ ఎవరు రాశారు? మన సీసీటీవీ విడిభాగాల్లో ఎక్కువ శాతం ఇప్పటికీ చైనా నుంచే వస్తున్నాయి. ఆదిత్య ఇన్ఫోటెక్ కూడా ఏళ్ల తరబడి దహువా ఉత్పత్తులను ఇండియాలో పంపిణీ చేసిన కంపెనీయే. ఇది తప్పని నేననడం లేదు. ఫోన్లు కూడా ఇలాగే మొదలయ్యాయి, ముందు అసెంబ్లీ, తర్వాత పార్టులు. నేననేది ఒకటే. ‘మేడ్ ఇన్ ఇండియా’ అంటే స్క్రూలు ఎక్కడ బిగించారో చెబుతుంది, వీడియో ఎక్కడికి పోతుందో చెప్పదు.

నా ఓటు ఎటు?

రూల్ వైపే. కాకపోతే మూడు షరతులతో.

ఒకటి, సోర్స్ కోడ్ చూపించడం కొత్తేమీ కాదు. మా పనిలో కూడా క్లయింట్ ఆడిట్ వస్తే మూసిన గదిలో, మన ల్యాప్‌టాప్ మీదే, కాపీ తీసుకోకుండా కోడ్ చూసిపోతారు. ల్యాబ్ కూడా అలాగే చూడాలి. కంపెనీ కోడ్ లీక్ అయితే దానిలోని లోపాలు కూడా దొంగల చేతికి పోతాయి. అడిగే హక్కు ఉన్నప్పుడు దాచే బాధ్యత కూడా ఉంటుంది.

రెండు, టెస్ట్ చేసిన కోడ్, అమ్మే కెమెరాలో ఉన్న కోడ్ ఒకటేనని ఎలా తెలుస్తుంది? ఆ సోర్స్ నుంచి ల్యాబ్ తనే ఫర్మ్‌వేర్ తయారు చేసి, షాపులో కొన్న కెమెరాలోని దానితో పోల్చగలగాలి. ఆరు నెలల తర్వాత అప్‌డేట్ వస్తే మళ్లీ పోల్చాలి. సర్టిఫికెట్ గోడకు తగిలించుకునే పటం కాకూడదు.

మూడు, డబ్బా మీద ధరతో పాటు ‘ఫలానా ఏడాది దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు’ అని రాయాలి. ఫోన్ కొనేటప్పుడు ఏడేళ్ల అప్‌డేట్లా, నాలుగేళ్లా అని కామెంట్లలో కొట్టుకుంటాం కదా. పదేళ్లు గోడ మీద ఉండే కెమెరాకు ఆ ప్రశ్న ఎవరూ వేయరు.

ఈ తేడా నాకు వింతగా అనిపిస్తుంది. 2025 నవంబర్ 28న కేంద్రం కొత్త ఫోన్లన్నిట్లో సంచార్ సాథీ యాప్ ముందే ఉండాలని ఆదేశించింది. విషయం బయటికి రాగానే దేశమంతా గోల. డిసెంబర్ 3న ఆదేశం వెనక్కి తీసుకున్నారు. మంచిదే. ఫోన్‌లో ఒక యాప్ పెడతామంటే అంత గోల చేసిన మనం, ఇరవై నాలుగు గంటలూ ఇంట్లోవాళ్లను చూసే కెమెరా పాస్‌వర్డ్ మాత్రం బిగించినవాడి దగ్గర వదిలేశాం.

ఇంకో మాట రాయలసీమ తరఫున. 2024 ఆగస్టులో కేంద్రం కొప్పర్తికి, కర్నూలు దగ్గర ఓర్వకల్లుకు ఇండస్ట్రియల్ నోడ్లు ఇచ్చింది. ఫ్యాక్టరీలు వస్తాయి, రానీ. ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది, కర్నూలు జగన్నాథగట్టు మీద ఐఐఐటీడీఎం ఉంది. టెస్టింగ్ ల్యాబ్‌లు తక్కువయ్యాయని కంపెనీలు మొత్తుకుంటుంటే, ఆ ల్యాబ్ ఒకటి ఇక్కడెందుకు పెట్టకూడదు? కెమెరా బిగించే పనితో పాటు దాన్ని విప్పి, ఫర్మ్‌వేర్ బయటికి లాగి, లోపం పట్టే పని కూడా మన పిల్లలకు రావాలి. జీతం ఎక్కువ ఉండేది ఆ పనికే.

ఇవాళే చూసుకోండి

* యాప్‌లో కెమెరా ఓనర్ అకౌంట్ ఎవరిది? మీ నెంబర్ కాకపోతే బిగించినవాళ్లతో తీసేయించి మీ పేరు మీద పెట్టుకోండి.
* యాప్ పాస్‌వర్డ్ వేరు, రికార్డర్ అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు. రెండూ మార్చండి. కాగితం మీద రాసి బీరువాలో పెట్టినా పర్లేదు.
* రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్, యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంటే ఆపేయండి.
* ఫర్మ్‌వేర్ ఏ సంవత్సరందో చూడండి. అప్‌డేట్ కంపెనీ సైట్ నుంచి మాత్రమే తీసుకోండి.
* కొత్తది కొంటుంటే బ్రాండ్ పేరు కాదు, మోడల్ నెంబర్ ఎస్‌టీక్యూసీ సర్టిఫికెట్ లిస్టులో ఉందో లేదో చూడండి.
* బెడ్‌రూమ్ వైపు, బట్టలు మార్చుకునే చోటు వైపు కెమెరా వద్దు. ఏ సర్టిఫికెట్ ఉన్నా వద్దు.

మా ఇంటి పని అరగంటలో అయిపోయింది. ఆ అబ్బాయి తన అకౌంట్ నుంచి మా రికార్డర్‌ను డిలీట్ చేశాడు, నేను నాన్న నెంబర్ మీద పెట్టాను. మిద్దె మీది కెమెరాను అమ్మ చెప్పినట్టు గేటు వైపు తిప్పాను.

పెట్టేసే ముందు అడిగాను, “మిగతా ఇళ్లవి కూడా అట్లే తీసేస్తావా?” అని.

“వాళ్లెవరూ అడగలేదు గదన్నా” అన్నాడు.