కొలువులో పదునెక్కిన మాట

ఫ్రాన్సిస్ బేకన్ చమత్కారం రాజకొలువులో రాటుదేలింది. 1561 జనవరి 22న లండన్‌లో పుట్టిన ఈ తత్వవేత్త తండ్రి సర్ నికొలస్ మొదటి ఎలిజబెత్ రాణి దగ్గర రాజముద్ర సంరక్షకుడు. తల్లి ఆన్ గ్రీకు, లాటిన్ చదివిన విదుషి. చిన్ననాడు రాణి వయసెంతని అడిగితే, ఏలినవారి పాలన కన్నా రెండేళ్లు చిన్నవాణ్నని జవాబిచ్చాడట. తరవాత ఆయన జీవితం గురించి రాసిన మతగురువు విలియం రాలీ చెప్పిన ముచ్చట ఇది. లెక్కా సరిపోయింది, పొగడ్తా కుదిరింది.

పన్నెండేళ్లకే కేంబ్రిడ్జ్ ట్రినిటీ కళాశాలలో చేరాడు. 1579లో తండ్రి పోయేనాటికి చిన్న కొడుకుగా చేతికొచ్చిన ఆస్తి అంతంతమాత్రం. న్యాయవాదిగా, పార్లమెంటు సభ్యుడిగా పేరు తెచ్చుకున్నా పెద్ద పదవి మాత్రం అందలేదు. పెద్దమ్మ భర్త లార్డ్ బర్లీ రాణికి కుడిభుజమే అయినా ఆయన వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. ఏళ్ల తరబడి పెద్దల గుమ్మాల్లో పడిగాపులు కాయడంలోనే మనుషుల్ని చదవడం అబ్బింది.

1599లో జాన్ హేవర్డ్ రాసిన నాలుగో హెన్రీ చరిత్ర రాణికి మంట పుట్టించింది. రెండో రిచర్డ్‌ను గద్దె దింపిన ఉదంతం అందులో ఉంది మరి. రాజద్రోహం ఏమైనా ఉందా అని ఆమె అడిగితే, ద్రోహం కనబడలేదు గానీ దొంగతనం బోలెడుందని బేకన్ విన్నవించాడు. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ మాటల్ని హేవర్డ్ ఎత్తుకొచ్చి తన పుస్తకంలో పెట్టుకున్నాడన్నది ఆయన వివరణ. నవ్వించి గండం తప్పించాలన్న ఎత్తు అది. పారలేదు, హేవర్డ్ జైలుకెళ్లాడు. ఆ పుస్తకం అంకితం పుచ్చుకున్న ఎర్ల్ ఆఫ్ ఎసెక్స్ బేకన్‌కు భూమి ఇచ్చి ఆదుకున్నవాడు. 1601లో ఎసెక్స్ తిరుగుబాటు కేసులో బేకన్ ప్రభుత్వం తరఫున వాదించాడు. తిన్నింటివాసాలు లెక్కపెట్టాడన్న అపవాదు ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

ఆయన పేరు నిలిపినవి వ్యాసాలు. 1597లో పదింటితో వచ్చిన చిన్న పుస్తకం 1612కు 38, 1625కు 58 వ్యాసాలైంది. ప్రక్రియ పేరు ఫ్రెంచి రచయిత మాంటేన్ నుంచి తీసుకున్నదే. అయితే మాంటేన్ తన గురించి తీరిగ్గా చెప్పుకుంటాడు, బేకన్ తాను కనిపించడు. తొలి వ్యాసాల్లో వాక్యాలు సూత్రాల్లా విడివిడిగా ఉంటాయి. తరవాతి కూర్పుల్లో వాటికి ఉదాహరణలు, పోలికలు చేరి కాస్త కండ పట్టాయి. ప్రతీకారం, పెళ్లి, అసూయ, మరణం, ఇల్లు కట్టడం, ఇలా దేన్నీ వదల్లేదు. తోటల మీద రాస్తూ ఏ నెలలో ఏ పువ్వు పూస్తుందో వరసపెట్టి, రాజుగారి తోటకు ముప్పై ఎకరాలకు తగ్గకూడదంటాడు.

అన్నింటిలోకీ కుటిలత్వం మీద రాసినదే ఎక్కువ రుచి. అసలు సంగతిని ఉత్తరం చివర, సంతకం కింద, ఏదో గుర్తొచ్చినట్టు చేర్చే ఘనుడొకడు అందులో కనిపిస్తాడు. తన అభిప్రాయాన్నే లోకం అనుకుంటోందని చెప్పే మరో రకం కూడా ఉంది. ఇలాంటి జిత్తుల్ని కొలువులో దగ్గరుండి చూసినవాడే ఇంత నిక్కచ్చిగా జాబితా రాయగలడు. వీటిలో నీతిబోధ కన్నా లౌక్యమే ఎక్కువ. అదే వాటి బలం.

1620లో వెలువడిన ‘నోవమ్ ఆర్గానమ్’లో ఈ చూపే మనిషి బుద్ధి మీదికి మళ్లింది. ఆలోచనను తప్పుదారి పట్టించే నాలుగు రకాల భ్రమల్ని బేకన్ అందులో ‘విగ్రహాలు’ అన్నాడు. జాతి సహజమైనవి, వ్యక్తిగతమైనవి, మాటల వాడకం వల్ల కలిగేవి, సిద్ధాంతాలు అంటగట్టేవి. మనిషి అచ్చొచ్చినవే లెక్కేసుకుని బెడిసినవి మరిచిపోతాడనడానికి ఒక పాతకథ చెబుతాడు. మొక్కుకుని ఓడ ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్ల చిత్రాలు గుడిలో చూపించి దేవుడి మహిమ ఒప్పుకుంటావా అంటే, మొక్కుకునీ మునిగిపోయినవాళ్ల చిత్రాలెక్కడ అని ఒకడు అడుగుతాడు. మూఢనమ్మకాన్ని ఇంత క్లుప్తంగా నిలదీసిన ప్రశ్న అరుదు.

1618లో లార్డ్ ఛాన్సలర్, అంటే పెద్ద న్యాయాధికారి అయిన బేకన్ మూడేళ్లకే కూలిపోయాడు. కక్షిదారుల దగ్గర కానుకలు పుచ్చుకున్నాడని 1621లో పార్లమెంటు ఆరోపిస్తే ఒప్పుకున్నాడు. 40,000 పౌన్ల జరిమానా, లండన్ టవర్‌లో ఖైదు, పదవులకు అనర్హత విధించారు. ఖైదు కొద్ది రోజులతో సరి, జరిమానాను రాణి తరవాత వచ్చిన రాజు మాఫీ చేశాడు. ఫిర్యాదు చేసినవాళ్లలో కానుక ఇచ్చీ కేసు ఓడిపోయినవాళ్లున్నారు. సొమ్ము తీసుకున్నా తీర్పు అమ్ముకోలేదన్న ఆయన వాదనకు అదే ఆధారం. ఒప్పుకోదగ్గ వాదన కాదు గానీ, కొట్టిపారేయదగ్గదీ కాదు.

తరవాతి ఐదేళ్లూ రాతకే అంకితం. 1625 నాటికి పాతకొత్త చమత్కారాల్ని పోగేసి ఒక సంకలనం కూడా అచ్చేయించాడు. 1626 వసంతంలో మాంసం చెడకుండా మంచు ఎలా కాపాడుతుందో చూడాలని కోడి పొట్టలో మంచు కూరుతూ జలుబు చేసి పోయాడని జీవితకథల రచయిత జాన్ ఆబ్రీ రాశాడు. ఆయనకీ కథ చెప్పింది ఒకప్పుడు బేకన్ దగ్గర రాతపని చేసిన థామస్ హాబ్స్. కోడి సంగతి ఎలా ఉన్నా, హైగేట్‌లో తాను ఆగిపోయిన ఇంటి యజమాని ఎర్ల్ ఆఫ్ అరండెల్‌కు బేకన్ చివరి ఉత్తరం చెప్పి రాయించాడు. కలం పట్టే ఓపిక లేదు. వెసూవియస్ అగ్నిపర్వతాన్ని పరీక్షించబోయి ప్రాణాలు పోగొట్టుకున్న రోమన్ పండితుడు ప్లినీతో తనను పోల్చుకుని, ప్రయోగం మాత్రం చక్కగా కుదిరిందని అందులో తెలియజేశాడు. ఏప్రిల్ 9న ఆ ఇంట్లోనే కన్నుమూశాడు.