ట్రంకుపెట్టెకే కాదు, ఉత్తరానికీ తాళం

హాస్టల్లో చేరిన రోజు మనందరి చేతిలో తప్పకుండా ఉండేవి రెండు. ఒకటి ట్రంకుపెట్టె, రెండోది దాని తాళం. పెట్టెలో నాలుగు జతల బట్టలు, కొబ్బరినూనె సీసా, అమ్మ కట్టిచ్చిన సకినాల డబ్బా తప్ప ఏముంటాయి? అయినా తాళంచెవిని మొలతాడుకు కట్టుకుని తిరిగినవాళ్లం మనం. సకినాలకు అంత కాపలా కాసిన మనమే కుల ధ్రువీకరణ పత్రాన్ని, ఆదాయ పత్రాన్ని, నాన్న బ్యాంకు పాస్‌బుక్కు కాపీని ఏ తాళమూ లేకుండా మెయిల్లో పంపేస్తున్నాం.

దాని ఫలితం మాలో ఒకరికి అనుభవంలోకి వచ్చింది. స్కాలర్‌షిప్ దరఖాస్తు కోసం ఒక నెట్ సెంటర్లో కూర్చుని కాగితాలన్నీ స్కాన్ చేయించి మెయిల్ పంపాడు. అలియాబాద్ బస్సు వెళ్లిపోతుందన్న తొందరలో మెయిల్ మూయకుండానే లేచి వచ్చాడు. వారం తిరక్కముందే అతని నాన్నకు ఫోన్ వచ్చింది. కొడుకు పేరు, ఇంటి పేరు, ఆదాయం, బ్యాంకు ఖాతా నంబరు అన్నీ సరిగ్గా చెప్పి, “స్కాలర్‌షిప్ మంజూరైంది, ఖర్చుల కింద రెండు వేలు పంపండి” అన్నారు. అన్ని వివరాలు చెప్పేవాడు ఆఫీసువాడే అనుకుని ఆయన పంపేశాడు. ఆ రెండు వేలు ఆయన కూలి డబ్బులు. మళ్లీ రాలేదు.

ఈ సంగతి విన్న మా సీనియర్ అన్న ఒకాయన మమ్మల్ని నగరానికి తీసుకెళ్లాడు. ఆయన సిస్టం అడ్మినిస్ట్రేటర్. అంటే ఒక సంస్థలోని కంప్యూటర్లు, సర్వర్లు ఆగకుండా చూసుకునే ఉద్యోగం. అలాంటివాళ్లు కొందరు అప్పుడప్పుడూ ఒకచోట కలిసి తెలిసింది చెప్పుకుంటారట. ఆదివారం పొద్దున ఏడుగురం రాజీవ్ రహదారి మీద బస్సెక్కి జూబ్లీ బస్ స్టేషన్లో దిగి వెళ్లాం. ఆ రోజు వాళ్లు మాట్లాడుకున్న విషయం మెయిలుకు తాళం వేయడం. మాకు అర్థమైనంత మీకు చెబుతున్నాం.

మెయిల్ అంటే పోస్టుకార్డే

మనం పంపే మెయిల్ దారిలో కొన్ని సర్వర్లు దాటి పోతుంది. ఇప్పుడు చాలా కంపెనీలు ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు పోయేటప్పుడు మెయిల్‌ను రహస్య లిపిలోకి మార్చే పంపుతున్నాయి. అయితే సర్వర్ చేరాక అది మళ్లీ మామూలు అక్షరాల్లోకి వస్తుంది. అక్కడ అధికారం ఉన్నవాళ్లు చదవాలనుకుంటే చదవగలరు. “చదివే అవకాశం నాకు రోజూ ఉంటుంది, చదవకపోవడం నా ధర్మం” అని అక్కడ ఒకాయన అన్నాడు. మన రహస్యం ఎవరి ధర్మం మీదో ఆధారపడకూడదన్నదే ఈ విద్యకు మూలం.

నొక్కితే పడే తాళం

పాత పద్ధతిలో ఇద్దరి దగ్గరా ఒకే తాళంచెవి ఉండాలి. మరి ఆ చెవిని దూరంలో ఉన్నవాడికి ఎలా పంపాలి? దారిలో ఎవరైనా నకలు తీసుకుంటే అంతా పోయినట్టే. వేల ఏళ్లుగా ఉన్న ఈ చిక్కుకు 1976లో అమెరికాలో డిఫీ, హెల్‌మన్ అనే ఇద్దరు బహిరంగంగా దారి చూపారు. 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ దాన్ని లెక్కగా చేసి పెట్టారు. వారి పేర్ల మొదటి అక్షరాలతోనే దానికి ఆర్‌ఎస్‌ఏ అని పేరు.

మన భాషలో చెప్పుకుందాం. నొక్కితే చాలు పడిపోయే తాళాలు వంద కొని, తెరిచి ఉంచి, స్నేహితులందరికీ పంచిపెట్టాను అనుకోండి. చెవి ఒక్కటే, అది నా మొలతాడుకే ఉంది. ఎవరైనా పెట్టెలో ఉత్తరం పెట్టి నా తాళం నొక్కి పంపవచ్చు. నొక్కాక పంపినవాడు కూడా తెరవలేడు. అందరికీ పంచిన తాళం పబ్లిక్ కీ. నా దగ్గరే ఉన్న చెవి ప్రైవేట్ కీ.

పదో తరగతి లెక్కతో

3, 11 రెండూ ప్రధాన సంఖ్యలు. గుణిస్తే 33. ఒక్కో సంఖ్యలో ఒకటి తీసేసి గుణిస్తే 2×10, అంటే 20. ఇప్పుడు 3, 7 తీసుకుందాం. వాటి లబ్ధం 21, దాన్ని 20తో భాగిస్తే శేషం 1. అందుకే ఈ జత పనికొస్తుంది. 33, 3 అందరికీ చెబుతాం. 7 దాచుకుంటాం.

పంపాల్సిన అంకె 4. దాని ఘనం 64. 33తో భాగిస్తే శేషం 31. ఆ 31ని పంపుతాం. అందుకున్నవాడు 31ని ఏడుసార్లు గుణించి 33తో భాగించాలి. 31×31 అంటే 961, శేషం 4. అంటే నాలుగో ఘాతానికి శేషం 16. ఆరో ఘాతానికి 4×16, అంటే 64, శేషం 31. ఏడో ఘాతానికి మళ్లీ 31×31, శేషం 4. మన అంకె తిరిగొచ్చింది! నోటుబుక్కులో చేసి చూడండి.

33ని ఎవరైనా 3×11గా విడదీస్తారు. నిజంగా వాడే సంఖ్యల్లో ఆరువందలకు పైగా అంకెలుంటాయి. 2020లో 250 అంకెల సంఖ్యను విడదీయడానికే పరిశోధకులకు ఎన్నో కంప్యూటర్లు కావలసి వచ్చింది. గుణించడం తేలిక, విడదీయడం కష్టం. తాళం బలమంతా అందులోనే ఉంది.

సామాన్యుడి చేతికి

ఈ విద్యను మామూలు మనుషుల మెయిలుకు తెచ్చింది ఫిల్ జిమ్మర్‌మన్. 1991లో ఆయన పీజీపీ అనే ప్రోగ్రాం విడుదల చేస్తే, ఆయుధంలాంటి దాన్ని దేశం దాటించారంటూ అమెరికా ప్రభుత్వం ఆయనపై దర్యాప్తు పెట్టి 1996లో విరమించుకుంది. జర్మనీకి చెందిన వెర్నర్ కోచ్ అదే పని చేసే గ్నూపీజీని 1999లో పూర్తి రూపంలో అందరికీ ఉచితంగా ఇచ్చాడు. 2020 నుంచి థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రాంలోనే ఈ సౌకర్యం ఉంది. మన హైదరాబాదులో 2005లో మొదలైన ‘స్వేచ్ఛ’ వంటి సంస్థలు ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను విద్యార్థుల దగ్గరకు తెచ్చాయి.

ఆ రోజు మేమూ తాళాలు చేసుకున్నాం. ప్రతి తాళానికి 40 అక్షరాల, అంకెల వేలిముద్ర ఉంటుంది. దాన్ని ఎదురెదురుగా కూర్చుని, గుర్తింపు కార్డులు చూసుకుంటూ పైకి చదివి సరిచూసుకున్నాం. ఎందుకంటే, నా పేరుతో ఇంకెవడో తన తాళం పంచితే ఉత్తరాలన్నీ వాడికే తెరుచుకుంటాయి.

మా ప్రశ్న, వాళ్ల జవాబు

చివర్లో మేం అడిగాం: “ఇది తెలిసి ఉంటే మావాడి నాన్న డబ్బు మిగిలేదా?” అన్న సూటిగానే చెప్పాడు. “మిగిలేది కాదు. వాడు తలుపే మూయలేదు. ముందు తలుపు, తర్వాత తాళం.” ఇంకా కొన్ని హద్దులు చెప్పారు. ఎవరు ఎవరికి రాశారన్నది ఈ తాళం దాచదు. విషయం అని రాసే పై వరుస కూడా చాలాసార్లు బయటికి కనిపిస్తుంది. ప్రైవేట్ కీ గానీ దాని పాస్‌వర్డ్ గానీ పోతే ఏ కంపెనీ తిరిగి ఇవ్వలేదు. అవతలివాడికీ తాళం ఉంటేనే ఇది నడుస్తుంది. మనం దరఖాస్తు పంపే ఆఫీసుల్లో సాధారణంగా అది ఉండదు.

కాబట్టి తమ్ముళ్లారా, ముందు ఇవి చేయండి. నెట్ సెంటర్లో లేచేముందు మెయిల్ మూయండి, స్కాన్ చేసిన ఫైళ్లు చెరిపేయండి. ఆధార్‌లో చివరి నాలుగు అంకెలే కనిపించే కాపీ దొరుకుతుంది, అది చాలన్నచోట అదే ఇవ్వండి. ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్‌ను ఫోన్లో చెప్పండి. ప్రైవేట్ కీని మీది కాని కంప్యూటర్లో పెట్టకండి. మోసపోతే సిగ్గుపడకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి.

మరి ఆ తాళాలు ఊరికే పోయాయా? లేదు. ఏటా మన పూర్వ విద్యార్థులు ఫీజు కట్టలేని పిల్లల జాబితా, జబ్బుపడ్డ పిల్లల జాబితా మెయిల్లో ఒకరికొకరు పంపుకుంటారు. ఎవరి ఇంట్లో ఏ కష్టం ఉందో అందులో ఉంటుంది. సాయం తీసుకున్న పిల్లవాడు తలెత్తుకుని తిరగాలంటే ఆ జాబితా నలుగురి నోట్లో పడకూడదు. 2017లో సుప్రీంకోర్టు వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా తేల్చింది. ఆ హక్కు పెద్ద ఇళ్లవాళ్లదే కాదు, ఒక ట్రంకుపెట్టెతో వచ్చినవాళ్లదీ.

ఈ ఏడు జాబితా మొదటిసారి తాళంతో వెళ్లింది. వార్షికోత్సవానికి వచ్చే అన్నలు మీ తాళాలు, గుర్తింపు కార్డులు తెచ్చుకోండి. వేలిముద్రలు సరిచూసుకోవడానికి మేం వరండాలో బల్ల వేసుకుని కూర్చుంటాం.