పిక్కల పట్టు

తూర్పు కనుమల నడుమనున్న రాజవొమ్మంగి స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో స్థానం పొందిన ఊరు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై అల్లూరి సీతారామరాజు అనుచరులతో దాడి చేసి ఆయుధాలను చేజిక్కించుకున్నాడు. ఆ కొండదారులలో మన్యవీరులకు కాలినడకే ఆధారం. కొండ ఎక్కినా, దిగినా శరీరభారాన్ని మోసేవి పిక్కలు. అట్టి పిక్క ఒక్కొక్కసారి నడిరేయి హఠాత్తుగా రాయివలె బిగుసుకొని, నిద్రించేవారిని కేక పెట్టిస్తుంది. ఇదే పిక్క పట్టడం.

దీనిని కొందరు ‘నరం పట్టింది’ అంటారు. నిజానికి బిగుసుకునేది కండరం. అయితే బిగుసుకొమ్మని ఆజ్ఞాపించేది నరమే. నిద్రలో పాదం కిందికి వాలి ఉండటంవల్ల పిక్క కండరం అప్పటికే కుంచించుకొని ఉంటుంది. ఆ స్థితిలో నరం అనవసరంగా ప్రేరేపితమైతే కండరం మరింత ముడుచుకొని సడలలేకపోతుందని వైద్యుల అభిప్రాయం. కనుక జనవాక్యం పూర్తిగా నిరాధారం కాదు.

అధిక శ్రమ, ఎక్కువసేపు నిలబడటం, ఒంట్లో నీరు తగ్గడం, గర్భధారణ, వార్ధక్యం దీనికి దోహదం చేస్తాయి. మధుమేహం, మూత్రపిండాల వ్యాధి, మూత్రం ఎక్కువగా పోయేందుకు వాడే మందులు కూడా కారణం కావచ్చు. పలువురిలో ఏ కారణమూ కనిపించదు.

‘మన్యపు జ్వరం’గా పేరొందిన మలేరియాకు సింకోనా బెరడు నుండి తీసిన క్వినైన్ చిరకాలం దివ్యౌషధమైంది. పలు దేశాలలో పిక్కల పట్టుకూ దానిని వాడారు. కాని అది గుండె లయను చెదరగొట్టవచ్చు. రక్తంలోని ప్లేట్‌లెట్లను ప్రమాదకరంగా తగ్గించవచ్చు. అందుకే 1994లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, వైద్యుని చీటీ లేకుండా ఈ బాధకు క్వినైన్ అమ్మరాదని ఆదేశించింది. ఒక వ్యాధికి అమృతమైనది మరొక బాధకు విషం కాగలదు.

తక్షణోపాయం సులభం. మోకాలు చాచి, పాదం వేళ్ళను ముంగాలివైపు లాగి పట్టుకుంటే కండరం సాగి, నొప్పి సడలుతుంది. పిదప పిక్కను మృదువుగా మర్దించాలి. పడుకోబోయే ముందు ఇట్లే పిక్కలను సాగదీయడం కొందరికి మేలు చేస్తుంది.

అయితే ఒక కాలు మాత్రమే వాచి, ఎర్రబడి, వేడెక్కి, నొప్పి తగ్గకుంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. నడిస్తే నొప్పి పుట్టి, ఆగితే తగ్గుతుంటే రక్తనాళాలు ఇరుకై ఉండవచ్చు. అప్పుడు ఉపేక్షించక వైద్యుని ఆశ్రయించాలి. క్షణికమైన బాధను, పొంచి ఉన్న వ్యాధిని వేరుచేసి గుర్తించగలగడమే ఆరోగ్యరక్షణకు తొలిమెట్టు.