తోసుకుంటూ ఎక్కే సైకిలు

ఒడిశాలోని కోరాపుట్ పట్టణం సముద్ర మట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. రాయగడ అంతకంటే ఎంతో దిగువన, నాగావళి లోయలో ఉంది. గేర్లు లేని సైకిలుకి ఇక్కడి ఎత్తులు అనువు కావు. దిగి, ఒక చేత్తో హ్యాండిలు, మరో చేత్తో సీటు పట్టుకుని తోసుకుంటూ ఎక్కాల్సిందే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో నూటికి 70కి పైగా ఇళ్లలో సైకిలుంది. దేశం మొత్తమ్మీద సగం ఇళ్లలోనే. మైదానాలు కూడా కలిసిన లెక్కే అయినా, కొండ దారుల్లోనూ సైకిలు కనబడుతూనే ఉంటుంది. ఇంత కష్టపెట్టే బండిని ఏళ్ల తరబడి వదులుకోలేకపోవడం ఎందుకు? ఆ కష్టమే కారణమని నా అభిప్రాయం.

పంక్చరు వేయడం చూడండి. ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, నీళ్ల బేసిన్‌లో ముంచి కొంచెం కొంచెంగా తిప్పుతారు. బుడగలు వచ్చిన చోట వేలు పెట్టి, తుడిచి, రుద్ది, అతుకు వేస్తారు. సైకిల్లో దాచిన భాగమంటూ దాదాపు ఉండదు. చైను ఊడితే పదేళ్ల పిల్లాడైనా ఎక్కిస్తాడు. తన చేత్తో బిగించుకున్న వస్తువుకి మనిషి ఎక్కువ విలువ కడతాడని నార్టన్, మోచన్, ఏరియలీ అనే పరిశోధకులు 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో చూపించారు. వాళ్లు పరీక్షించినవి అట్టపెట్టెలు, కాగితం బొమ్మల లాంటివి. రోజూ తుడిచి, నూనె వేసి, విశ్వకర్మ పూజకో దసరాకో పసుపు కుంకుమలు పెట్టే సైకిలు సంగతి వేరే చెప్పాలా!

ఇది మమకారం కాదు, డబ్బు లేక పడే పాటు అనొచ్చు. చేతిలో నాలుగు రాళ్లు పడగానే మోటారు సైకిలు కొంటున్నారు కదా అనీ అడగొచ్చు. రెండూ నిజమే. దూరాలున్నచోట, బరువులున్నచోట మోటారు బండి కావాలి, కొనుక్కోవడంలో తప్పు లేదు. కానీ అవసరం వల్ల సైకిలు ఎందుకు కొన్నారో తెలుస్తుంది. కొత్త బండి వచ్చాక కూడా ఆ పాత సైకిల్ని వసారాలో గోడకి ఆనించి ఎందుకు ఉంచారో తెలియదు. అవసరం తీరాక కూడా మిగిలినదాన్ని మమకారం అనకుండా ఏమంటాం? మీ ఇంట్లోనూ అలాంటిదొకటి ఉంటే, పాత ఇనుము కింద అమ్మే ముందు ఒక్కసారి గాలి కొట్టించి, చైనుకి నాలుగు చుక్కల నూనె వేసి చూడండి.