మనోవ్యాధికి మందుంది

"మనోవ్యాధికి మందు లేదు" అనే సామెత మా డోర్నకల్‌లో ఎన్నోసార్లు విన్నాను. అది నిజం కాదు.

దిగులు ఎవరికైనా కలుగుతుంది; నాలుగు రోజులకు పోతుంది. రెండు వారాలైనా మనసు తేరుకోక, ఇష్టమైన పనీ రుచించక, నిద్రా ఆకలీ తప్పి, "నేనెందుకూ పనికిరాను" అంటూ కూర్చుంటే మాత్రం అది బద్ధకం కాదు, జబ్బు. పరీక్షల్లో ఏ లోపమూ కనబడకపోయినా గుండెదడ, చెమటలు, విడవని భయం ఉంటే అది మరొక రకం.

చాలామంది ఆ బాధ చెప్పుకోరు. తలనొప్పనీ నీరసమనీ అంటారు. కనిపెట్టవలసింది ఇంటివాళ్లే. గాలి సోకిందని తాయెత్తు కట్టి ఊరుకోకండి. "ఎర్రగడ్డ కేసు" అని నలుగురూ నవ్వుతారేమోనని జంకకండి, డాక్టరుకు చూపించండి. 2022లో వచ్చిన టెలీ మానస్ 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

"చావాలనుంది" అన్న మాట వినబడితే మాత్రం ఆ మనిషిని క్షణమైనా ఒంటరిగా వదలకండి.