ద్రావణి మారిన రంగు మారునా?

పదార్థపు రంగు దాని సొంత గుణమని మనము బడిలో చెప్పుచుందుము. ఈ మాట సగమే నిజము. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి సుభాషితములను బోధించునపుడు, ఆశ్రయమును బట్టి నీటిబొట్టు గతి మారునని పిల్లలకు చెప్పుదుము. రసాయనశాస్త్రమున అట్టి ఆశ్రయభేదము కంటికి కనబడును, కొలతకును అందును.

1963లో జర్మనీయందలి మార్బుర్గులో డిమ్రోత్, రైకార్ట్ ప్రభృతులు ఒక బీటైన్ రంజకమును గూర్చి ప్రకటించిరి. అది మిథనాలులో ఎఱ్ఱగాను, ఇథనాలులో ఊదాగాను, ఎసిటోనులో ఆకుపచ్చగాను కనిపించును. రంజకమొక్కటే, మారినది ద్రావణి మాత్రమే.

దీనికి కారణమేమి? అణువు కాంతిని గ్రహించినపుడు దానిలోని ఎలక్ట్రాను భూస్థితి నుండి ఉత్తేజిత స్థితికి ఎగయును. ఈ రెండు స్థితుల శక్త్యంతరము హెచ్చినకొలది గ్రహింపబడు కాంతి తరంగదైర్ఘ్యము తగ్గును. నీటివంటి ధ్రువ ద్రావణి, కరిగిన అణువు ఏ స్థితిలో ఎక్కువ ధ్రువత్వము కలిగియుండునో ఆ స్థితిని ఎక్కువగా ఆదుకొని, దాని శక్తిని తగ్గించును. పై రంజకమునకు భూస్థితియే మిక్కిలి ధ్రువమైనది. కావున ద్రావణి ధ్రువత్వముతో అంతరమును పెరుగును. డైఫినైల్ ఈథరులో 810 నానోమీటర్లకడనున్న గరిష్ఠ శోషణము నీటిలో 453కు దిగును.

అయితే శోషణములన్నియు ఒకే దిక్కునకు జరుగవు. ఎసిటోను నుండి తయారగు మెసిటైల్ ఆక్సైడునకు రెండు శోషణ పట్టీలు కలవు. హెక్సేనుకు మారుగా నీటిని వాడినచో, ఒకటి సుమారు 230 నుండి 244 నానోమీటర్లకు పెరుగును. రెండవది సుమారు 328 నుండి 305కు తగ్గును. మొదటిదానిలో ఉత్తేజిత స్థితికే ధ్రువత్వ మెక్కువ. రెండవదానిలో ఎగయునది ఆమ్లజనిపైనున్న బంధరహిత జంటలోని ఎలక్ట్రాను. నీరు ఆ జంటతో ఉదజని బంధము నేర్పరచుకొనియుండును. ఎలక్ట్రాను ఎగసినపుడు ఆ బంధము సడలును. అందులకు అదనపు శక్తి కావలెను. ఇట్లు పట్టీ జరిగిన దిక్కునుబట్టి, ఎగసిన ఎలక్ట్రాను ఎట్టిదో ఊహింపవచ్చును.

కావున ద్రావణి పేరు చెప్పక తరంగదైర్ఘ్యమును మాత్రమే వ్రాసిన ప్రయోగపత్రము అసంపూర్ణము. ఆంధ్రదేశమునకు వెలుపల తెలుగున చదువుకొను మన పిల్లలకు ధ్రువత్వము, భూస్థితి వంటి మాటలు కంఠస్థమైన చాలదు. ఒకే రంజకమును మూడు ద్రావణులలో చూపి, “ఎందుకిట్లయినది?” అని అడుగవలెను. తెలుగున ఆ కారణము చెప్పగలిగిననాడు ఆ మాటలు వారి సొంతమగును.