ఓఈఈ 85 శాతం: అపోహలు – వాస్తవాలు

యంత్రానికి కేటాయించిన సమయంలో ఎంత భాగం మంచి సరకుగా మారిందో చెప్పే కొలతను ఓఈఈ, అంటే యంత్ర సమగ్ర సామర్థ్యం, అంటారు. అది 85 శాతానికి తగ్గితే కర్మాగారం వెనకబడినట్టేనన్న నమ్మకం పరిశ్రమల్లో పాతుకుపోయి, ఉత్పత్తిని పెంచకపోగా లెక్కలను చెడగొడుతోంది. ఈ కొలతను ప్రచారంలోకి తెచ్చిన జపాన్ నిపుణుడు సేయిచి నకజిమా లభ్యత 90, వేగం 95, నాణ్యత 99 శాతానికి మించాలని సూచించగా, ఆ మూడింటి గుణకారంగా వచ్చినదే 85; రోజుకు పది రకాల భాగాలు చేసే వర్క్‌షాపుకూ, ఏడాదంతా ఒకే సీసా నింపే ప్లాంటుకూ అదే గీటురాయి కావడం అర్థరహితం.

షిఫ్టులో 450 నిమిషాలు నడవాల్సిన ప్రెస్సు డై (అచ్చు) మార్పుకు 60, మరమ్మతుకు 30 నిమిషాలు ఆగితే లభ్యత 80 శాతం. మిగిలిన 360 నిమిషాల్లో 30 సెకన్లకు ఒకటి చొప్పున 720 ముక్కలు రావలసి ఉండగా 600 వస్తే వేగం 83 శాతం. వాటిలో 540 మంచివైతే నాణ్యత 90 శాతం. మూడింటినీ గుణిస్తే 60 శాతం. పైనుంచి ఒత్తిడి రాగానే డై మార్పును ముందే అనుకున్న విరామంగా రాసి, ముక్కకు పట్టే ప్రామాణిక సమయాన్ని 36 సెకన్లకు పెంచితే ఆ 60 కాస్తా 83 అవుతుంది. గోదాముకు చేరేవి మాత్రం అవే 540 ముక్కలు. పైగా నష్టాల పట్టికలోంచి తప్పుకున్న డై మార్పును తగ్గించే ఆలోచన ఇక ఎవరికీ రాదు. టొయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్సుకు నాలుగు గంటలు పట్టే డై మార్పును జపాన్ ఇంజనీరు షిగెయో షింగో కృషి మూడు నిమిషాలకు దించగలిగిందంటే, ఆ సమయాన్ని అక్కడ నష్టంగానే లెక్కించారు కాబట్టి.

యంత్రం ఆగకుండా తిరిగితే లాభమేనన్నదీ తప్పే. కొనేవారు లేని సరకు పెట్టుబడిని గోదాములో బంధిస్తుంది.

సెన్సర్లు లేనిదే కొలత కుదరదన్న వాదనలో మాత్రం కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. ముక్క ఇరుక్కుని, ఆపరేటర్ చేత్తో సర్దగానే పది సెకన్లలో మళ్లీ కదిలే యంత్రపు ఆగుళ్లు చేతిరాత రిజిస్టరుకు ఎక్కవు. అయినా ఆరంభానికి గడియారం, కాగితం చాలు. మొత్తం ఉత్పత్తికి అడ్డుపడుతున్న ఒక్క యంత్రాన్ని ఎంచుకుని, ప్రతి ఆగుడుకూ సమయం, కారణం రాయించి, అన్నిటికన్నా పెద్ద కారణాన్ని ముందు తొలగించాలి. ప్రామాణిక సమయాన్ని నెల ఫలితాలను చూసి మార్చకూడదు. ఆగిన నిమిషాలను ఉన్నదున్నట్టు రాసిన ఆపరేటర్‌ను యాజమాన్యాలు దయచేసి నిలదీయవద్దు.